పొయ్యి తర్వాత, ముందు కట్టెలు

ఒరేయ్ చిన్నోడా,

చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి కొందామని నువ్వు పంపిన నాలుగు కట్టెల పొయ్యిల ఫొటోలూ చూశాను. నాలుగూ బాగున్నాయి. "వీటిలో ఏది కొనమంటావత్తా" అని అడిగావు. ముందు కట్టెలు కొనమంటాను. వెటకారం ఆడుతున్నాననుకోకు. మూడిళ్లు మారి, మూడు పొయ్యిలు వెలిగించి, వాటి పొగ తాగి, బూడిద ఎత్తినదాన్ని చెబుతున్నాను. పొయ్యి బాగాలేదని నా దగ్గర మొత్తుకున్నవాళ్లలో ముప్పావు మంది పొయ్యిల్లో ఏ లోపమూ లేదు. వాళ్ల కట్టెలు పచ్చివి.

మా మొదటి పొయ్యి ఉక్కు పలకలతో చేసిన పెట్టెలాంటిది. ముందు అద్దం తలుపు. కట్టెలు అమ్మినాయన "బాగా ఆరినవేనమ్మా" అన్నాడు, మేం నమ్మాం. రెండో రోజుకే అద్దం నల్లగా మారింది. కట్టె వేద్దామని తలుపు తీస్తే పొగంతా గదిలోకి. అప్పుడు ఇంట్లో చుట్టాలున్నారు. పొమ్మనలేక పొగబెట్టామనుకున్నారో ఏమో, మర్నాడే బయల్దేరారు. మీ మామయ్య పొయ్యి అమ్మినవాణ్ణి వారం రోజులు తిట్టాడు. చివరికి పొగగొట్టం శుభ్రం చేసే పెద్దాయన్ని పిలిపించాం. ఆయన పొయ్యి వంక చూడనైనా లేదు. కట్టెల దొంతి దగ్గరికెళ్లి ఒకటి తీసి, గొడ్డలితో ఒక్క దెబ్బ వేసి చీల్చి, ఆ లోపలి ముఖాన్ని నా చెంపకు ఆనించాడు. తడిగుడ్డ పెట్టినట్టు చల్లగా తగిలింది. "మీరు కాలుస్తున్నది కట్టెలు కాదమ్మా, నీళ్లు" అన్నాడు.

నిజమే. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో చాలా రకాల్లో దాదాపు సగం నీళ్లే ఉంటాయి. పది కేజీల పచ్చికట్టె పొయ్యిలో వేశావంటే నాలుగైదు లీటర్ల నీళ్లు కూడా పోశావన్నమాటే. ఆ నీళ్లన్నీ ఆవిరి అయ్యేదాకా మంటకు వేరే పని ఉండదు. ఇల్లు వెచ్చబడాల్సిన వేడి కాస్తా ఆవిరై గొట్టంలోంచి పైకి పోతుంది. పచ్చికట్టె కాలేటప్పుడు చివర్ల దగ్గర చూడు, బుసబుసమంటూ నురగ కక్కుతుంది. ఆరిన కట్టెకు చివర్లలో చీలికలు పడతాయి, బెరడు చేత్తో లాగితే ఊడొస్తుంది, రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే టంగుమంటుంది. పచ్చిది ధబ్బుమంటుంది.

చెవిని నమ్మకపోతే తేమ మీటరు కొనుక్కో, రెండు సూదులుండే చిన్న పరికరం. చాలామంది చేసే తప్పు, కట్టె పైముఖానికి గుచ్చి చూడటం. పైభాగం ఎప్పుడూ ఆరినట్టే కనిపిస్తుంది. అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖంలో గుచ్చు. 20 శాతం లోపు ఉంటే కాల్చు, దాటితే మళ్లీ దొంతిలో పెట్టు. ఈ 20 నా సొంత లెక్క కాదులే. ఇంగ్లండులో 2021 మే నుంచి రెండు ఘనమీటర్ల లోపు అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం దాటకూడదని చట్టమే చేశారు.

ఆరబెట్టడమంటే కట్టె, కొట్టె, తెచ్చె అన్నంత తేలిక కాదు. దుంగలు దుంగలుగా పడేస్తే ఏళ్లు గడిచినా లోపల తడి పోదు, ఎందుకంటే బెరడు నీటిని బయటికి పోనివ్వదు. ముందు చీల్చాలి. బెత్తెడు మందం దాటనివ్వకు. నేలకు ఆనకుండా కింద ఏవైనా అడ్డకర్రలు వేసి, గాలి, ఎండ తగిలేచోట ఒకే వరసగా పేర్చు. పైన మాత్రమే కప్పు వెయ్యి. టార్పాలిన్ చుట్టూ కిందిదాకా లాగి కట్టావంటే తేమను లోపల దాచిపెట్టినట్టే, బూజు పడుతుంది. యాష్ చెట్టు కట్టె ఏడాదికల్లా దారికొస్తుంది. ఓక్ అయితే రెండేళ్లు ఆగాలి, దానిది మొండి ఘటం. పైన్ కట్టె కాలిస్తే గొట్టంలో తారు పడుతుందని భయపెట్టేవాళ్లుంటారు. ఆరిన పైన్‌తో ఏ గొడవా లేదు. తారు జిగురువల్ల కాదు, తడివల్లా చల్లటి పొగవల్లా పడుతుంది.

ఆ తారు సంగతి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దాని దెబ్బ నేను తిన్నాను. పూర్తిగా కాలని పొగ పైకి పోతూ, 120 డిగ్రీల కంటే చల్లబడితే గొట్టం గోడలకు అంటుకుని గడ్డకడుతుంది. దాన్నే క్రియోసోట్ అంటారు. మొదట మసిపొరలా ఉంటుంది, తర్వాత పొరలు పొరలుగా, చివరికి నల్లటి లక్కలా మెరుస్తుంది. రాత్రి నిద్రపోయేముందు పొయ్యి నిండా కట్టెలు కుక్కి, గాలి రంధ్రం బిగించేసేవాళ్లం, తెల్లారేదాకా నిప్పు ఉండాలని. అది గొట్టానికి తారు పూసే పద్ధతని ఎవరూ చెప్పలేదు. రెండో చలికాలంలో ఒక సాయంత్రం ఇంటిపక్క నుంచి రైలు పోతున్నట్టు హోరు మొదలైంది. మా ఇంటి పక్క రైలు పట్టాలు లేవు. గొట్టం లోపలే మంటలు లేచాయి. మీ మామయ్య గాలి రంధ్రం, తలుపు మూసేశాడు, నేను పిల్లల్ని బయటికి లాక్కొచ్చి ఫైరింజనుకు ఫోన్ చేశాను. దేవుడి దయవల్ల పైకప్పు అంటుకోలేదు. అలాంటి మంట వెయ్యి డిగ్రీలు దాటుతుంది. హోరు వినిపిస్తే నువ్వూ అంతే చెయ్యి, గొట్టంలోకి నీళ్లు మాత్రం పొయ్యకు, పగిలిపోతుంది. ఆరిన తర్వాత కూడా లోపలంతా పరీక్షించేదాకా మళ్లీ వెలిగించకు.

ఏడాదికోసారి గొట్టం ఊడ్పించు. ఈ ఏడాది తక్కువ కాల్చాం కదా అని ఊరుకోకు.

ఇక నువ్వు అడిగిన పొయ్యిల విషయం. మొదట కొలత. అందరూ పెద్దదే కొనాలనుకుంటారు, నువ్వు పంపిన మూడోది మీ హాలుకి రెండింతలుంది. పెద్ద పొయ్యి కొన్నవాడు ఏం చేస్తాడు? వేడి తట్టుకోలేక గాలి తగ్గిస్తాడు. గాలి తగ్గితే మంట చచ్చి పొగ మిగులుతుంది. ఇందాక చెప్పిన రైలు వస్తుంది. చిన్న పొయ్యిలో భగభగ మంట వెయ్యడమే మేలు.

లోహం గురించి ఎవరి పిచ్చి వారిది. ఉక్కు పొయ్యి త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లబడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి వెలిగించుకునేవాళ్లకు అదే బాగుంటుంది. పోత ఇనుముది చూడముచ్చటగా ఉంటుంది, కానీ ముక్కలు బోల్టులతో బిగించి సిమెంటు పూసి చేస్తారు కాబట్టి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ అతుకులు వదులై గాలి దూరుతుంది. అప్పుడు విప్పి మళ్లీ పూయించాలి. మా రెండోది అదే. ఇప్పుడున్నది బలపపు రాయిది. వెలిగించాక గంటన్నర దాకా ఏమీ తెలియదు, చుట్టాలెవరైనా వస్తే "ఇది పనిచేస్తోందా?" అని చెయ్యి పెట్టి చూస్తారు. కానీ రాత్రి మంట ఆరిపోయాక కూడా, తెల్లవారుజామున లేచి చెయ్యి ఆనిస్తే పడుకున్న ఆవుని తాకినట్టు గోరువెచ్చగా ఉంటుంది. నాకు అది చాలు. మీ మామయ్య మాత్రం ఇప్పటికీ ఆ పోత ఇనుముదే పొయ్యి అంటాడు, దాన్ని గ్యారేజీలో పెట్టుకున్నాడు, పారెయ్యనివ్వడు.

ఇంకో తేడా లోపల ఉంటుంది. పొగలో ఇంకా కాలాల్సిన వాయువులు ఉంటాయి. వాటిని వదిలెయ్యకుండా కాల్చే పద్ధతులు రెండు. ఒకదాంట్లో పైభాగాన సన్నటి రంధ్రాల గుండా వేడిగాలి వస్తుంది. లోపల దాదాపు 600 డిగ్రీలు దాటితే ఆ రంధ్రాల దగ్గర పొగే మంటగా మారి నాట్యం చేస్తుంది. చూడటానికి అదే బాగుంటుంది. రెండోదాంట్లో తేనెపట్టులాంటి ఉత్ప్రేరకం ఉంటుంది, అది సుమారు 260 డిగ్రీల దగ్గరే పొగను కాల్చేస్తుంది, కాబట్టి నిదానంగా ఎక్కువసేపు కాలుతుంది. మా పక్కింటాయనది అలాంటిదే, రాత్రి వేస్తే పొద్దునకు నిప్పులుంటాయి. కానీ ఆ తేనెపట్టుకు రంగు వేసిన చెక్కా, ప్లాస్టిక్కూ, చెత్తాచెదారం పడవు. కొన్నేళ్లకొకసారి మార్చాలి. వేడెక్కకముందే పొగను దానిమీదికి మళ్లిస్తే పూడుకుపోతుంది. నీకా ఓపిక తక్కువ, నువ్వు రంధ్రాలదే కొనుక్కో.

పొగ ఎప్పుడూ పైకే పోవాలనుకుంటుంది, దాని దారికి అడ్డం పడకు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడు 1740లలో పొయ్యి చేసి, పేటెంటు ఇస్తామన్నా వద్దన్నాడు కానీ, ఆ పొయ్యిలో పొగ ముందు కిందికి దిగి తర్వాత పైకి ఎక్కాలి. గొట్టం చల్లగా ఉంటే అది లాగేది కాదు. తర్వాతివాళ్లు ఆ వంకర తీసేశారు. నీ గొట్టం కూడా వీలైనంత నిటారుగా, వీలైనంత దూరం ఇంటి లోపలి నుంచే పోయేలా పెట్టించు. బయటిగోడ వెంట పోయే గొట్టం చలికి చల్లబడి సరిగా లాగదు. పైకప్పు మీద కనీసం 3 అడుగులు లేవాలి, 10 అడుగుల లోపు ఏది ఉన్నా దానికంటే 2 అడుగులు ఎత్తుగా ఉండాలి. పొయ్యికీ గోడకూ మధ్య దూరం దాంతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది, అంగుళం కూడా తగ్గించకు. అమర్చడం తెలిసినవాడి చేతే చేయించు, "మా బావమరిది చేస్తాడు" అనకు.

వెలిగించేటప్పుడు మనం చిన్నప్పటి నుంచి చూసింది కింద చితుకులు, పైన మోపు. దీంట్లో తిరగెయ్యి. లావు కట్టెలు అడుగున, వాటిమీద సన్నవి, అన్నిటికీ పైన చితుకులు, అక్కడ అంటించు. మంట పైనుంచి కిందికి దిగుతుంది, కింది కట్టె పొగ పైమంటలోంచే పోవాలి కాబట్టి కాలిపోతుంది. గాలి పూర్తిగా తెరిచి ఉంచు. ఆరుబయట బాగా చలిగా ఉండి గొట్టం లాగకపోతే, ముందు ఒక కాగితం అంటించి గొట్టం నోటి దగ్గర పట్టుకో, చల్లగాలి తప్పుకుంటుంది. గొట్టం మీద అయస్కాంతపు థర్మామీటరు అంటించుకుంటే పని తేలిక. మళ్లీ కట్టె వేసినప్పుడల్లా పది పదిహేను నిమిషాలు గాలి బాగా ఇచ్చి, అది సరిగ్గా అంటుకున్నాకే తగ్గించు.

మీది కొత్త ఇల్లు, కిటికీలు గట్టిగా మూసుకుంటాయి. వంటింట్లో పొగలాగే ఫ్యాను వేస్తే అది గొట్టంలోంచి గాలిని వెనక్కి లాగుతుంది. ఫ్యాను ఆపి, ఒక కిటికీ అంగుళం తెరిచి, తర్వాత పొయ్యి తలుపు తియ్యి. బయటి గాలి నేరుగా పొయ్యికి అందేలా వేరే గొట్టం పెట్టించుకోగలిగితే ఇంకా మంచిది. పడకగదుల దగ్గర, పొయ్యి ఉన్న అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టు. ఆ వాయువుకు రంగు, వాసన ఉండవు. అమ్మాయికి ఉబ్బసం ఉందన్నావు కదా, ఎంత మంచి పొయ్యి అయినా తలుపు తీసినప్పుడల్లా కొంత పొగ బయటికి వస్తుంది. ముందు ఆమె డాక్టర్ని అడుగు. ఆయన వద్దంటే ఈ ఉత్తరం ఇక్కడే ఆపెయ్యి.

బూడిద గురించి ఒక్క మాట. నివురు గప్పిన నిప్పు అని మనం మాటవరసకు అంటామే, దాన్ని నేను కళ్లారా చూశాను. రెండు రోజుల క్రితం ఆరిపోయిందనుకున్న బూడిద ఎత్తి, బకెట్టును వరండా చెక్కమీద పెట్టాను. సాయంత్రానికి దాని అడుగున గుండ్రటి నల్లమచ్చ, మధ్యలో సన్నగా పొగ. ఆ మచ్చ మీద ఇప్పుడు పూలకుండీ ఉంది. మూతున్న ఇనప బకెట్టు ఒకటి కొని, ఇంటికి దూరంగా రాతిమీదో నేలమీదో పెట్టు. పొయ్యిలో మాత్రం అంగుళం బూడిద వదిలెయ్యి, నిప్పులకు పరుపులా ఉంటుంది. అద్దం మసిపడితే కాగితం తడిపి ఆ బూడిదలోనే అద్ది తుడువు. గాలి దూరకుండా పొయ్యి తలుపు చుట్టూ ఉన్న తాడు గట్టిగా ఉందో లేదో చూడాలంటే, ఓ కాగితం ముక్క మధ్యలో పెట్టి మూసి లాగు. జారి వచ్చేస్తే తాడు మార్పించు.

శనివారం ఆ కట్టెలవాడి దగ్గరికి వెళ్లు. గొడ్డలి తీసుకెళ్లు, ఒక కట్టె అక్కడే చీల్చి మీటరు గుచ్చు, ఆ అంకె నాకు ఫోన్లో చెప్పు. పొయ్యి ఏదో అప్పుడు మాట్లాడుకుందాం.

మీ అత్తయ్య