గజ్జెలు తీయకండి, ముందు మూత్రం పరీక్ష చేయించండి

ప్రశ్న: మాది మూడు నెలల ఆడ కుక్కపిల్ల, నాలుగు కిలోలుంటుంది. కొత్తింట్లో టైల్స్ మీద మూత్రం పోస్తోందని మా అబ్బాయి యూట్యూబ్‌లో చూసి తలుపుకు ఎడ్ల గజ్జెలు కట్టాడు. తొందరగానే నేర్చుకుంది. గజ్జెలు కదిపితే తలుపు తీస్తాం, బయటికి పోయి వస్తుంది. కానీ నాలుగు రోజులుగా పది నిమిషాలకోసారి కొడుతోంది, రాత్రి కూడా నిద్ర లేదు. బయట కూర్చుని నాలుగు చుక్కలు పోసి వస్తుంది, మళ్లీ గడప దగ్గరే పోస్తుంది. పురుగుమందుల షాపాయన అది మొండితనమన్నాడు, సాయంత్రం నుంచి నీళ్లు పెట్టొద్దన్నాడు. సిప్రోఫ్లాక్సాసిన్ సగం బిళ్ల వేయమన్నాడు. టీకా కూడా ఆయనే వేశాడు. గజ్జెలు తీసేయమంటారా?
– ఓ రైతు, నర్సంపేట

జవాబు: తీయొద్దు. మీ పిల్లకు శిక్షణ బాగానే వచ్చింది, లోపం అక్కడ లేదు. ఆటకోసం గజ్జెలు కొట్టే పిల్ల బయటికి రాగానే వాసన చూస్తూ తిరుగుతుంది, చెప్పు నోట కరుచుకుని ఉరుకుతుంది. మీది వెంటనే కూర్చుంటోంది, ముక్కుతోంది, చుక్కలే వస్తున్నాయి. ఇది మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ లక్షణం. ఆడ కుక్కపిల్లల్లో ఎక్కువగా చూస్తాం.

నీళ్లు ఆపడం ఈరోజే మానండి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది. గిన్నెలో రాత్రీ పగలూ నీళ్లుండాలి. సిప్రోఫ్లాక్సాసిన్ అనే ఆ యాంటీబయాటిక్ కూడా ఆపండి. ఆ రకం మందులు ఎదిగే కుక్కపిల్లల్లో కీళ్ల మృదులాస్థిని దెబ్బతీస్తాయి. ఇప్పటికి ఎన్ని బిళ్లలు వేశారో కాగితం మీద రాసి డాక్టరుకు చూపండి, పరీక్ష ఫలితం దాన్నిబట్టే చదవాలి.

పొద్దున లేవగానే పోసే మొదటి మూత్రం కావాలి. అది కూర్చోగానే వెనకనుంచి శుభ్రమైన స్టీలు పళ్లెం జరపండి. పట్టింది కొత్త సీసాలో పోసి గంటలోపు పశువైద్యశాలకు చేర్చండి, ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టి అదే రోజు తీసుకెళ్లండి. అక్కడ వీలు కాకపోతే వరంగల్ దగ్గరి మామునూరు పశువైద్య కళాశాల ఆసుపత్రికి రండి. ఏ యాంటీబయాటిక్, ఎన్ని రోజులు అనేది బరువు, పరీక్ష చూసి చెప్పాల్సిన మాట. మిరపకు తామర పురుగు మందు అమ్మే కౌంటర్ దగ్గర తేలేది కాదు.

ఇక ఆ టీకా సంగతి. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. టీకా కంపెనీ నుంచి సూదిలోకి ఎక్కేదాకా 2–8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. పురుగుమందు డబ్బాల పక్కన అరలో పెట్టిన సీసాతో పొడిస్తే నీళ్లు పొడిచినట్టే. కార్డు ఇచ్చాడా? సీసా మీది లేబుల్ అంటించాడా? లేకపోతే టీకా వేయనట్టే లెక్క. మొదటి నుంచి మొదలుపెట్టండి. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులకు కలిపి వేసే టీకా 6–8 వారాల వయసులో మొదలై 3–4 వారాలకోసారి 16 వారాలు నిండేదాకా పడాలి. అందులో లెప్టోస్పైరోసిస్ కూడా ఉన్నది అడగండి. ధాన్యం బస్తాలున్న ఇంట్లో ఎలుకలుండక మానవు, ఎలుక మూత్రంతో వచ్చే ఆ జబ్బు కుక్కకూ వస్తుంది, మీకూ వస్తుంది. రేబిస్ టీకా మూడు నెలలకు, నెల తర్వాత బూస్టర్, ఆపైన ఏటా. పిల్లకు ఒంట్లో బాగాలేదు కనుక ఈ టీకాలు ఇన్‌ఫెక్షన్ తగ్గాక, డాక్టరు చూసి వేస్తారు.

అందాకా గజ్జెలు మోగినప్పుడు పిల్లను ఎటు తీసుకెళ్తున్నారన్నది ముఖ్యం. వీధిలోకి వద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మీ ప్రహరీ లోపలే, ఊరకుక్కలు రాని ఒక మూల చూసి, తాడు కట్టి ప్రతిసారీ అక్కడికే నడిపించండి. ఆఖరి డోసు వేశాక రెండు వారాలదాకా ఇదే పద్ధతి.

నులిపురుగు మందు ఒకసారి తాగిస్తే చాలని కూడా అనుకోకండి. 12 వారాల వరకు పదిహేను రోజులకోసారి, ఆరు నెలల వరకు నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. పైరాంటెల్ కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, అంటే మీ పిల్లకు 20. తూకం వేసి ఇవ్వండి, కంటి అంచనా వద్దు. ఈ పురుగుల గుడ్లు మట్టిలో ఆడే పిల్లల నోట్లోకి పోతే వాళ్లకూ జబ్బు చేస్తాయి.

జబ్బు తగ్గాక శిక్షణ కొనసాగించండి. నిద్ర లేవగానే, తిన్న 15–30 నిమిషాలకు, ఆట ఆగగానే మీరే తలుపు దగ్గరికి తీసుకెళ్లండి. మూడు నెలల పిల్ల పగలు మూడు, నాలుగు గంటలకు మించి ఆపుకోలేదు. ఇంటిల్లిపాదీ పత్తి ఏరడానికి పోతే గజ్జెలు కొట్టీ ఏం లాభం, తలుపు తీసేదెవరు? బయట మూత్రం పోసిన మరుక్షణమే, అక్కడే, బఠాణీ గింజంత ఉడికించిన కోడిగుడ్డు ముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే దేనికి పెట్టారో దానికి తెలియదు. అయిదు నిమిషాలు నిలబడ్డా పోయకపోతే ఆడించకుండా లోపలికి తెచ్చేయండి. గజ్జెలు దాని ముక్కుకు అందే ఎత్తులో ఉండాలి, మింగేంత చిన్నవి వద్దు. ఇంట్లో పోసినచోట అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడితే మూత్రం వాసనే అనుకుని మళ్లీ అక్కడే పోస్తుంది. సబ్బునీళ్లతో కడిగి, సగం వెనిగర్ సగం నీళ్లు కలిపి తుడవండి. మూతి దాంట్లో పెట్టి రుద్దడం, కొట్టడం చేస్తే మంచం కింద దాక్కుని పోయడం నేర్చుకుంటుంది, అంతే.

మూత్రంలో రక్తం కనబడినా, ముక్కుతున్నా చుక్క రాకపోయినా, వాంతులైనా, తిండి మానేసినా తెల్లారేదాకా ఆగకుండా తీసుకెళ్లండి.