ఐపీకి పేరు రాయించడం గురించి అల్లుడికి

విజయనగరం

ఒరేయ్ అల్లుడూ,

పలాస నుంచి నువ్వు పంపిన జీడిపప్పు రేట్ల మెయిల్ నా జీమెయిల్‌లో స్పామ్‌లో పడింది. హెడర్లు (మెయిల్ వెంట వచ్చే దారి వివరాలు) తెరిచి చూశాను. మెయిల్ నిజంగా నీ డొమైన్ నుంచే వచ్చిందో లేదో చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ పరీక్షలు రెండూ పాస్. నీ సర్వర్ ఐపీని, అంటే ఇంటర్నెట్‌లో దాని అంకెల చిరునామాని, తిరగేసి పేరు వెతికితే మాత్రం హోస్టింగువాడు పెట్టిన అంకెల పేరే వస్తోంది.

"డొమైన్ ప్యానెల్లో పీటీఆర్ రికార్డు పెట్టీసాను మావయ్యా" అన్నావు. పీటీఆర్ అంటే ఐపీకి పేరు చెప్పే రికార్డు. అక్కడ ఎన్ని పెట్టినా లాభం లేదురా. డొమైన్ నీదే గానీ ఐపీ నీది కాదు. ఉదాహరణకి 203.0.113.25 పేరేటని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న అంకెలు తిరగబడి 25.113.0.203.ఇన్-యాడర్.ఆర్పా దగ్గరికి పోతుంది. ఆ జోన్, అంటే ఆ పేర్ల పట్టీ, ఐపీలిచ్చినవాడి చేతిలో ఉంటుంది. అద్దింట్లో కరెంటు మీటరు పేరు మార్చాలంటే ఓనరు సంతకం కావాలి కదా, అలాగన్నమాట.

ముందు మెయిల్ సర్వర్ పేరుకి 'ఏ' (A) రికార్డు, అంటే పేరు నుంచి ఐపీ చెప్పేది, పెట్టు. అది లేకపోతే కొందరు ప్రొవైడర్లు పీటీఆర్ ఒప్పుకోరు. తర్వాత నీ అద్దె సర్వర్ (వీపీఎస్) ప్యానెల్లో రివర్స్ డీఎన్ఎస్ గడి వెతికి, అందులో అదే పేరు పూర్తిగా రాయి. గడి లేకపోతే టికెట్ వెయ్యి. మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో మైహోస్ట్‌నేమ్ (సర్వర్ తన పేరుగా చెప్పుకునేది) కూడా అదే ఉండాలి. ఐపీ నుంచి పేరుకి, పేరు నుంచి మళ్లీ అదే ఐపీకి రావాలి. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకి పది మెయిళ్లు పంపేవాడినైనా గూగుల్ ఇది అడుగుతోంది.

రేపు మీ బావ కొట్టు డొమైన్ మెయిల్ కూడా అదే సర్వర్లో పెట్టినా, దాని పేరున ఇంకో పీటీఆర్ అక్కర్లేదు. ఒక ఐపీకి ఒక్క పేరు చాలు.

చాలామంది ఐపీవీ6 (కొత్త తరహా పొడుగు ఐపీ) సంగతి మర్చిపోతారు. ప్రొవైడర్ దాన్ని అడక్కుండానే ఇచ్చేస్తాడు, పోస్ట్‌ఫిక్స్ దానిమీదుగా కూడా పంపుతుంది. దానికి పీటీఆర్ లేకపోతే గూగుల్ మెయిల్‌ని వెనక్కి కొట్టేస్తుంది. దానికీ పేరు రాయించు. ఓపిక లేదా, పోస్ట్‌ఫిక్స్‌లోని ఐనెట్ ప్రోటోకాల్స్ సెట్టింగులో ఐపీవీ4 (పైన చెప్పిన మామూలు రకం) ఒక్కటే ఉంచు. నేనైతే మొదట్లో అదే చెయ్యమంటాను.

అన్నీ అయ్యాక టెర్మినల్లో డిగ్ మైనస్ ఎక్స్ (dig -x), పక్కన నీ ఐపీ కొట్టి చూడు. పాత పేరే వస్తే కంగారుపడకు, పాత జవాబుని గుర్తుంచుకునే గడువు (టీటీఎల్) తీరాలి. ఆ తర్వాత నాకొక మెయిల్ పంపు. జీమెయిల్‌లో షో ఒరిజినల్ తెరిస్తే, నీ సర్వర్ నుంచి అందుకున్నట్టు గూగుల్ రాసే రిసీవ్డ్ లైన్లో బ్రాకెట్ బయట నీ సర్వర్ తనకు తాను చెప్పుకున్న పేరు, లోపల గూగుల్ వెతికి పట్టుకున్న పేరు ఉంటాయి. రెండూ ఒకటేనో కాదో నేను చూసి చెప్తాను.

ఖర్చు కలిసొస్తుందని కాశీబుగ్గ ఇంటి బ్రాడ్‌బ్యాండుకి మాత్రం మార్చకు. అక్కడ మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి పంపుకునే దారి, 25వ పోర్టు, తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు, అలాంటి ఐపీలు స్పామ్‌ని అడ్డుకునే సంస్థ స్పామ్‌హాస్ పీబీఎల్ (నేరుగా మెయిల్ పంపకూడని ఐపీల) జాబితాలో ఉండడం మామూలే.

సర్వర్ మారిస్తే పాత పీటీఆర్ నీ వెంట రాదు, కొత్త ఐపీకి మళ్లీ రాయించాలి. ఐపీ చేతికి రాగానే స్పామ్‌హాస్‌లో వెతుకు. పాతవాడి మచ్చ కనిపిస్తే ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యకముందే వేరేది అడుగు.

ఇట్లు,
మావయ్య