సమాధానం: ముక్కులోంచి నీళ్లు కారుతుంటే తల తెరుస్తారా?

అక్కా, అమ్మగారు వంగి ముగ్గు వేస్తుంటే ఎడమ ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయని, జలుబు మాత్రలకు తగ్గలేదని, గుంటూరులో డాక్టరుగారు ఆపరేషన్ అన్నారని రాశారు. పుర్రె తెరుస్తారేమోనన్న టెన్షన్ వద్దు. ఇప్పుడు ఎక్కువగా ముక్కులోంచే ఎండోస్కోపుతో చేస్తున్నారు.

ముందు అది మెదడు చుట్టూ ఉండే ద్రవమేనని తేల్చాలి. ఒక్క వైపే కారడం, ఉప్పగా తగలడం, తుడిచిన రుమాలు ఆరాక బిరుసెక్కకపోవడం అనుమానం పెంచుతాయి గానీ అవి చాలవు. కారేటప్పుడు శుభ్రమైన సీసాలో పట్టి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ (ఆ ద్రవంలో ఉండే ఒక ప్రొటీన్) పరీక్షకు ఇవ్వండి. ఆ ద్రవం ముక్కులోకి కారేది పుర్రె అడుగు ఎముకలో పడిన చిల్లు గుండా; ఆ చిల్లు ఎక్కడుందో సీటీ, ఎమ్మారై స్కాన్లలో వెతుకుతారు.

ఆపరేషన్‌లో తొడ కండరం మీది పొరో, ముక్కు లోపలి పొరో తీసి చిల్లు మీద అతికిస్తారు. అనుభవమున్న చేతుల్లో పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి మొదటిసారే నిలుస్తుంది. తల లోపల ఒత్తిడి ఎక్కువుంటే దానికీ వైద్యం చేయాలి, లేదంటే మళ్లీ కారొచ్చు.

అసలు కష్టం తర్వాతే. కొన్ని వారాలు ముక్కు చీదకూడదు, వంగకూడదు, బరువులెత్తకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచే తుమ్మాలి, మలబద్ధకం రానివ్వకూడదు. అన్నాళ్లూ ముగ్గు మీ వంతే!

వాయిదా మాత్రం వేయకండి, ఆ దారిన క్రిములెక్కితే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రావచ్చు. జ్వరం, విపరీతమైన తలనొప్పి వచ్చి మెడ బిగుసుకుంటే అర్ధరాత్రయినా జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.