కష్టం వచ్చినప్పుడు సంఘానికి ముఖం చాటేయకండి

పరాయి దేశానికి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది నన్ను అడిగేది ఇంచుమించు ఇదే: "అన్నా, ఉద్యోగం పోయింది. వీసా గడువు దగ్గరపడుతోంది. ప్రార్థన చేస్తూనే ఉన్నాను గానీ దేవుడు వింటున్నాడో లేదో తెలియడం లేదు. ఈ స్థితిలో చర్చికి వెళ్లి నలుగురిలో నవ్వుతూ 'ప్రైజ్ ద లార్డ్' అనడం నా వల్ల కావడం లేదు. నా విశ్వాసం పోతోందా?"

పోవడం లేదు. దేవుడు వింటున్నాడా అని తల్లడిల్లే మనిషి ఇంకా దేవుడి వైపే తిరిగి ఉన్నాడు. 13వ కీర్తనలో దావీదు "ఎన్నాళ్లవరకు" అని మళ్లీ మళ్లీ అడుగుతాడు. 88వ కీర్తన అయితే చీకటి మాటతోనే ఆగిపోతుంది, చివర్లో స్తుతి కూడా రాదు. ఆ రెండూ దేవుని ప్రజలు ఆరాధనలో పాడుకున్న పాటలే. కాబట్టి ఏడుస్తూ చేసే ప్రార్థనను అవిశ్వాసం కింద లెక్కేసుకోకండి.

నన్ను కలవరపెట్టేది మీ ప్రశ్నలోని రెండో సగం. చర్చికి వెళ్లలేకపోతున్నాను అన్నారే, అది. పరాయి దేశంలో ఇన్నేళ్లుగా చూస్తున్నాను, దేవుడు లేడని తేల్చుకుని విశ్వాసం వదిలేసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. సిగ్గుతో తప్పుకున్నవాళ్లే ఎక్కువ. మొదట ఆలస్యంగా వస్తారు, వెనక వరసలో కూర్చుంటారు. ఆశీర్వాద ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకున్నప్పుడు మెల్లగా లేచి వెళ్లిపోతారు, "జాబ్ ఎలా ఉంది బ్రదర్" అని ఎవరైనా అడుగుతారని. ఆ తర్వాత ఇంట్లోనే ఆన్‌లైన్‌లో ఆరాధన చూస్తున్నామంటారు. కొన్నాళ్లకు ఫోన్ ఎత్తడం మానేస్తారు. వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం రోజూ ఒక బైబిల్ వాక్యం ఉంటుంది. అది చూసి సంఘమంతా, పర్వాలేదు, బాగానే ఉన్నాడులే అనుకుంటుంది.

ఈ సిగ్గు ఎక్కడిదో నాకు తెలుసు. వీసా వచ్చినప్పుడు, ఇది దేవుడు చేసిన మేలని సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాం. ఇప్పుడు ఉద్యోగం పోతే ఆ సాక్ష్యమే అబద్ధమైపోయినట్టు అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లకు చెబితే అక్కడ వాళ్లు నిద్రపోరు. ఇక్కడివాళ్లకు చెబితే ఏమనుకుంటారో. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు సంగతి చదవండి. చెరసాలలో ఉన్న పౌలుకు సాయంగా ఫిలిప్పీ సంఘం అతన్ని పంపింది. వచ్చినవాడు జబ్బుపడి చావు దాకా వెళ్లాడు. అంత జబ్బులో అతన్ని కుదురుగా ఉండనివ్వనిది ఏమిటో తెలుసా? తన జబ్బు సంగతి అక్కడివాళ్లకు తెలిసిపోయిందన్న దిగులు! దూరదేశంలో ఉన్న ప్రతి బిడ్డకూ తెలిసిన దిగులే అది. పౌలు ఆ విషయం దాచలేదు. ఎంత జబ్బుపడ్డాడో ఉన్నదున్నట్టు రాసి, ఇలాంటివాళ్లను ఘనపరచండి అన్నాడు. పంపబడినవాడు మంచాన పడితే పంపిన సంఘానికి అది తలవంపు కాదు.

అలాగని ప్రేయర్ గ్రూపులో మీ వీసా వివరాలన్నీ పెట్టమని చెప్పను. పెట్టొద్దు కూడా. ఇద్దరికి చెప్పండి చాలు. ఒకరు సంఘ కాపరి, అంటే పాస్టర్ గారు, ఇంకొకరు మీకు నమ్మకమున్న పెద్దవాళ్లు. చెప్పేటప్పుడు "ప్రార్థన చేయండి" అని వదిలేయకుండా ఏం కావాలో విడమరిచి చెప్పండి. రెజ్యూమే ఎవరికైనా పంపాలా, కొన్నాళ్లు ఉండటానికి గది కావాలా, ఆదివారం చర్చికి తీసుకెళ్లే మనిషి కావాలా. మనసు విప్పి అడిగినవాళ్లకు సాయం చేయడం సంఘానికి తెలుసు. అడగనివాళ్ల దగ్గరే సంఘం తడబడుతుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఫోన్‌లో ప్రవచనాలు చెప్పేవాళ్లు, "మూడు వారాల్లో నీ వీసా పని అయిపోతుందని ప్రభువు చూపించాడు, కానుక పంపు" అనేవాళ్లు మీ లాంటివాళ్ల కోసమే కాచుకుని ఉంటారు. మీకు నిరీక్షణ కలిగిస్తానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11ను మనం స్టేటస్‌లుగా పెట్టుకుంటాం, అది ఎవరికి రాసిన మాటో చూడండి. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరపట్టబడిన వాళ్లకు. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని మందిరంలో అందరి ముందూ ప్రకటించాడు. వినడానికి ఎంత బాగుంటుంది! అది దేవుడు పంపిన మాట కాదు. అదే ఏడు హనన్యా చనిపోయాడు. యిర్మీయా పంపిన ఉత్తరంలో ఉన్నది 70 ఏళ్ల మాట. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని. మనకు అంత ఇష్టమైన ఆ నిరీక్షణ వాగ్దానం ఈ 70 ఏళ్ల మాట వెనకే వస్తుంది. త్వరగా అయిపోతుందని చెప్పి డబ్బు అడిగేవాళ్ల నంబరు తీసేయండి. వీసా సంగతి అర్హత ఉన్న లాయరుకు చూపించండి, ఎంత వీలైతే అంత ముందుగా. అది ప్రార్థన మానడం కాదు.

ఇక ఇతరులను బలపరచడం. "నేనే మునిగిపోతున్నాను, ఇంకొకరికి నేనేం చెప్పను" అంటారు. మా సంఘంలో ఒక చెల్లికి తండ్రి చనిపోయారు. పేపర్లు చేతిలో లేక వెళ్లలేకపోయింది, సమాధి కార్యక్రమం ఫోన్‌లోనే చూడాల్సి వచ్చింది. ఆ పూట ఆమె దగ్గర కూర్చున్నది పాస్టర్ గారు కాదు, అంతకు కొన్నాళ్ల ముందు అలాగే తల్లిని కడసారి చూసుకోలేకపోయిన ఒక తమ్ముడు. ఫోన్ పట్టుకున్న చేతులు వణుకుతాయని అతనికి తెలుసు. అందుకే ఫోన్‌ను పుస్తకాలకు ఆనించి బల్లమీద నిలబెట్టాడు. నెట్‌వర్క్ పోయినప్పుడల్లా మళ్లీ కలిపాడు. అంతసేపూ ఒక్క వాక్యం ఎత్తలేదు. అప్పటికి అతనికీ ఉద్యోగం లేదు. దేవుడు మనల్ని ఆదరించిన ఆదరణతోనే శ్రమలో ఉన్నవాళ్లను ఆదరించగలుగుతామని రెండో కొరింథీ పత్రిక మొదట్లోనే ఉంది. ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఆ తమ్ముడే గుర్తొస్తాడు.

అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు కూడా ఏడు రోజులు మౌనంగా నేలమీద కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే చెడింది. "నీలో ఏదో పాపం ఉండి ఉంటుంది", "విశ్వాసం ఇంకా పెరగాలి" లాంటి మాటలు కష్టంలో ఉన్నవాళ్లతో దయచేసి అనకండి. "ప్రార్థిస్తాను" అని ఫోన్ పెట్టేసే బదులు, ఆ ఫోన్‌లోనే, వాళ్ల పేరు పెట్టి రెండు నిమిషాలు ప్రార్థన చేయండి. చావాలని ఉందన్న ఏలీయా ప్రవక్తకు దూత ముందు తిండి పెట్టి పడుకోనిచ్చాడు, తర్వాతే ప్రయాణం. ఎవరైనా రోజుల తరబడి నిద్ర లేకుండా, బతకాలని లేదంటుంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రాణాపాయం అనిపిస్తే ఆ దేశపు ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయండి. డాక్టరు దగ్గరికి వెళ్లడం విశ్వాసానికి విరుద్ధమని ఎవరైనా అంటే వాళ్ల మాట వినకండి.

ఆదివారం షిఫ్టులు పడ్డవాళ్లు వారం మధ్యలో జరిగే చిన్న కూడికకైనా వెళ్లండి. అక్కడి భాష అంతా అర్థం కాకపోయినా ఫరవాలేదు, మీ పేరు తెలిసిన మనుషులు ముఖ్యం.

సంఘంలో స్థిరపడిన పెద్దలకు కూడా ఒక మాట. పౌలు రోమాలో సంకెళ్లతో ఉన్నప్పుడు చాలామంది తప్పుకున్నారు. ఒనేసిఫోరు మాత్రం ఆ సంకెళ్లకు సిగ్గుపడలేదు. రోమాకు వచ్చి, పౌలు ఎక్కడున్నాడో పట్టుదలగా వెతికి కనుక్కున్నాడు. మీ వెనక వరసలో కూర్చునే అబ్బాయి రెండు ఆదివారాలు కనిపించకపోతే ఫోన్ చేయండి. ఎత్తకపోతే అడ్రసు కనుక్కుని ఇంటికి వెళ్లండి. తలుపు తీశాక ఉద్యోగం గురించి అడక్కండి, భోంచేశావా అని అడగండి.