పేషెంట్ పడిపోతే తప్పు నర్సుదేనా?

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సుని. మొన్న నైట్ డ్యూటీలో డెబ్బై దాటిన ఒక పెద్దాయన బెల్ కొట్టకుండా బాత్రూమ్‌కి లేచి పడిపోయారు, తుంటి ఎముక విరిగింది. ఆ టైములో నేను ఇంకొకరికి ఇంజెక్షన్ ఇస్తున్నాను. నిద్రమాత్ర వేసినప్పుడు ఒంటరిగా లేవొద్దని చెప్పాను, కానీ కేస్ షీట్‌లో రాయలేదు. ఇప్పుడు ఆ లైను ఎక్కించెయ్యమని ఇన్‌చార్జి సిస్టర్ అంటున్నారు. వాళ్లింట్లో వాళ్లు కేసు వేస్తామంటున్నారు. ఒకటే టెన్షన్. నా మీద తప్పు పడుతుందా?

జవాబు: ముందు ఆ లైను సంగతి. ఎక్కించకండి. ఆయన పడిపోవడం కంటే ఆ దిద్దుబాటే మిమ్మల్ని ఎక్కువ ముంచుతుంది. చెప్పిన మాట నిజమే కాబట్టి, లాయరుని అడిగాక, ఇవాళ్టి తేదీ, టైము వేసి ‘ఆలస్యంగా రాస్తున్నాను’ అని బాహాటంగానే రాసి సంతకం పెట్టొచ్చు. పాత పేజీలో సందు చూసి దూర్చడం మాత్రం వద్దు.

పేషెంట్ పడినంత మాత్రాన నిర్లక్ష్యం అయిపోదు. మామూలుగా పని తెలిసిన ఇంకో నర్సు ఆ చోట ఉంటే చేసేది మీరు చేశారా, చెయ్యకపోవడం వల్లే ఎముక విరిగిందా, ఈ రెండూ తేలాలి. నిజం చెప్పాలంటే మీకు చిక్కు నిద్రమాత్ర దగ్గరే వస్తుంది. మత్తులో ఉన్న మనిషికి నోటితో చెప్పిన జాగ్రత్త ఎంత గుర్తుంటుంది? మాత్రకి ముందే బాత్రూమ్‌కి తీసుకెళ్లారా, మంచం ఎత్తు తగ్గించారా, బెల్ చేతికి అందేలా ఉందా అని అడుగుతారు. పేషెంట్ పడిపోయే ప్రమాదం ఎంతుందో లెక్కగట్టడానికి వార్డుల్లో వాడే మోర్స్ స్కేల్‌లో ఇంతకుముందు పడి ఉంటే 25, సెలైన్ లైను ఉంటే 20 పాయింట్లు. చాలాచోట్ల 45 దాటితే ప్రమాదం ఎక్కువని లెక్క. ఆ లెక్క వేసి ఉంటే, దాని ప్రకారం ఏం చేశారన్నది ముఖ్యం. అసలు వెయ్యకపోతే అదీ ఒక లోటే.

అలాగని భారమంతా మీరే మొయ్యక్కర్లేదు. ఒక్కరికే మరీ ఎక్కువమంది పేషెంట్లని అప్పగించి ఉంటే ఆసుపత్రి కూడా జవాబు చెప్పాలి, ఉద్యోగి పనికి యాజమాన్యం బాధ్యత ఎటూ ఉంటుంది. సిబ్బంది చాలట్లేదని ముందే రాసిచ్చి ఉంటే ఆ కాగితం వెతకండి.

‘కట్టేసి ఉంచాల్సింది’ అని ఎవరైనా అంటారు, పట్టించుకోకండి. మంచం పక్కనుండే కడ్డీలు (సైడ్ రైల్స్) ఎత్తినా, తికమకలో ఉన్న మనిషి వాటిమీంచి ఎక్కి ఇంకా ఎత్తునుంచి పడొచ్చు. పైగా నడవాలన్న కోరిక ఆయనది, దాన్ని తాడుతో తీర్చలేం.

ఇంటివాళ్లకి జరిగింది జరిగినట్టు చెప్పండి, డాక్టరు పక్కనుంటే మేలు. బాధగా ఉందనడం తప్పు ఒప్పుకోవడం కాదు. దాచారన్న అనుమానమే చాలామందిని కోర్టు దాకా నడిపిస్తుంది.

ఇంకోటి, మీ ఉత్తరంలో తల సంగతి లేదు. ఆయన రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? తలకి దెబ్బ తగిలి ఉంటే రోజుల తర్వాత కూడా లోపల రక్తస్రావం బయటపడొచ్చు. కేసు మాట తర్వాత, ఇవాళే డాక్టరుకి ఆ మాట చెప్పండి.