చదివిందంతా ఏమైపోతోందని అడిగావు కదా

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షకని పాలిటీ మూడుసార్లు తిరగేసినా, సిలబస్ మొత్తం మీద పెట్టే గ్రాండ్ టెస్టులో అంతా కలగాపులగం అవుతోందనీ, చదివిందంతా ఏమైపోతోందనీ, నీకు జ్ఞాపకశక్తి లేదేమోననీ రాశావు. ఏ క్రికెటర్ ఏ మ్యాచ్‌లో ఎన్ని కొట్టాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడికి జ్ఞాపకశక్తి లేదంటే మీ అమ్మ కూడా నమ్మదు. తేడా ఉన్నది చదివే తీరులో. ఇన్నేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి కాస్త చాదస్తంగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

మూడోసారి చదివేటప్పుడు పేజీ అంతా తెలిసినట్టే ఉంటుంది. బస్టాపులో రోజూ కనిపించే మనిషి లాగా. మొహం బాగా తెలుసు, పేరు అడిగితే నోరు పెగలదు. పసుపు రంగు పెన్నుతో గీతలు గీసిన కొద్దీ ఈ భ్రమ ముదురుతుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని విద్యార్థుల మీదే పరీక్షించి చూశారు. కొందరిచేత ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు. కొందరిచేత చదివించాక పుస్తకం తీసేసి, గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే, పుస్తకం లేకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. నీ పరీక్ష ఐదు నిమిషాల్లో లేదు కదా.

అందుకని రేపు చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చోగానే పుస్తకం తెరవకు. ఒక తెల్లకాగితం తీసుకుని నిన్న చదివింది రాయి. తెలంగాణ ఉద్యమం పేపరే తీసుకుందాం, అందరూ తికమకపడేది అక్కడే. అప్పటి ఉద్యమాలను చల్లార్చడానికి కేంద్రం ప్రకటించిన అష్టసూత్ర పథకం, పంచసూత్ర పథకం, ఆరు సూత్రాల పథకం: ఈ మూడూ ఏ సంవత్సరాలవి? 1969, 1972, 1973 అని రాశావనుకో, అంతటితో సంబరపడకు. పంచసూత్రం ఎందుకు వచ్చింది? ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పాక. మరి దాని తర్వాత మళ్లీ ఆరు సూత్రాలు ఎందుకు కావాల్సి వచ్చాయి? అవతల, ఆంధ్రకు వేరే రాష్ట్రం కావాలంటూ జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది కాబట్టి. ఆరు సూత్రాల వల్ల ఏమైంది? 32వ రాజ్యాంగ సవరణ, దానితో ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికుల సంగతి చూసే 371డి అధికరణ, దాని కింద 1975 రాష్ట్రపతి ఉత్తర్వు. ఆ ఉత్తర్వు సరిగా అమలు కాలేదన్న గొడవలోంచే 1985లో, స్థానికేతరులను వెనక్కి పంపాలన్న 610 జీవో. ఇలా ఒకదాని తోక ఇంకొకటి పట్టుకుని వస్తే సంవత్సరాల కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఎక్కడ ఆగిపోయావో అక్కడ ఖాళీ వదిలెయ్యి. అప్పుడు పుస్తకం తెరిచి, ఆ ఖాళీలు మాత్రం ఎర్ర పెన్నుతో నింపు. మర్నాడు ఆ ఎర్ర ముక్కల్నే మళ్లీ అడుక్కో.

మొదట్లో చిరాగ్గా ఉంటుంది. అరగంట కూర్చుంటే పావు పేజీ కూడా నిండదు, పక్కవాడేమో యాభై పేజీలు లాగించేస్తుంటాడు. లాగించనీ.

ఇక రివిజన్. ఒకే రోజు నాలుగుసార్లు తిప్పడం కంటే ఒకసారి రేపు, ఒకసారి నాలుగు రోజులాగి, ఒకసారి రెండు వారాలకు చూడటం మేలు. ఎబింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాలు బట్టీపట్టి, తన మతిమరుపును తనే కొలుచుకుని, ఇలా ఎడం ఇచ్చి తిప్పడమే మేలని 1885లో పుస్తకం వేశాడు. మనవాళ్లు అంతకుముందే ఇది ఎరిగినవాళ్లని నా అనుమానం. అష్టావధానం చూడు. అవధాని ప్రశ్న వేసిన ఒక పృచ్ఛకుడికి పద్యంలో ఒక పాదం చెప్పి వదిలేస్తాడు, మిగతావాళ్లందరి దగ్గరికీ వెళ్లి వచ్చి రెండో పాదం అందుకుంటాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతూనే ఉంటాడు. చివర్లో ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పడం. వదలడం, మళ్లీ పట్టుకోవడం, అదే ఆ విద్యలో సాధనంతా.

పొద్దున ఐదింటికి లేవాలా అన్నావు. లేవక్కర్లేదు. ఏ టైమైనా సరే, రోజూ అదే టైము, అదే కుర్చీ ఉంటే చాలు. టీ తాగి గ్లాసు పెట్టగానే తెల్లకాగితం తీయాలి, అంతే రూలు. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటైపోతుందని ఎవరో చెబితే నమ్మకు. లండన్‌లో 96 మందిని గమనిస్తే సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లో కుదిరితే, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటేం చెడలేదు. కాబట్టి పెళ్లికో పేరంటానికో ఊరొచ్చి ఒక రోజు పోగొట్టుకుంటే టెన్షన్ పడకు. ఫోన్ సంగతి నేను చెప్పను, నీకే తెలుసు. టెలిగ్రామ్‌లో పోగేసిన పీడీఎఫ్‌లు మాత్రం సగం తీసెయ్యి.

"నాకు ఎకానమీ రాదు" అనే మాట మానుకో. ఏ చాప్టర్ రాదో చెప్పు, జాతీయాదాయమా, ద్రవ్యోల్బణమా, బడ్జెట్టా. అప్పుడు దాన్ని పట్టుకోవచ్చు. మొత్తం సబ్జెక్టే రాదంటే ఎవరేం చేయగలరు?

టెస్టు రాశాక మార్కులు చూసి మూసేయకు, అసలు చదువు అప్పుడే మొదలు. తప్పయిన ప్రతి బిట్టు పక్కనా కారణం రాయి: తెలియక తప్పిందా, రెండిటి మధ్య ఊగి తప్పిందా, "సరికానిది ఏది" అన్నది "సరైనది" అని చదివి తప్పిందా. నూట యాభై నిమిషాల్లో నూట యాభై బిట్లు పెట్టేటప్పుడు మూడో రకానివి ఎన్ని పోతున్నాయో చూసుకుంటే నీకే ఆశ్చర్యం వేస్తుంది. వాటికి మళ్లీ పుస్తకం చదివి లాభం లేదు. ప్రశ్నలో ఆ మాట కింద గీత గీసి మరీ జవాబు పెట్టడం అలవాటు చేసుకోవాలి.

రెండో టెస్ట్ సిరీస్‌కి డబ్బులు అడిగావని అక్క చెప్పింది. ఇప్పుడు వద్దు. మొదటిదాంట్లో తప్పులన్నీ ఇలా రాసి, ఆ నోట్సు ఫొటోలు నాకు పంపు. చూసి, అవసరమనిపిస్తే ఆ రోజే ఫోన్‌పే చేస్తాను.

మీ మామయ్య