చుక్క పెట్టిన మాట

చిరంజీవికి ఆశీస్సులు.

యువత భావప్రకటన స్వేచ్ఛ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. తెల్లకాగితాల మీద చేత్తో రాసి పంపావు, చాలా సంతోషం. చదువుతూ చదువుతూ మూడో పేజీలో ఆగిపోయాను. ‘ఆత్మహత్య’ అని రాయాల్సిన చోట ‘హ’ తీసేసి, దాని బదులు చిన్న చుక్క గుర్తు పెట్టావు. ఇంకో నాలుగు లైన్ల కింద ‘చంపడం’లో ‘ప’ లేదు. అక్కడా అదే చుక్క. నాయనా, ఇది కాగితం. దీన్ని చదివేది నేనొక్కదాన్నే. ఇక్కడ ఎవరి కళ్లుగప్పాలని ఆ అక్షరాలు దాచావు?

ఫోన్లో మీ ఈడువాళ్లంతా అలా ఎందుకు రాస్తారో నాకు తెలుసు. మాట పూర్తిగా రాస్తే పోస్టు తీసేస్తారనో, ఎవరికీ చేరకుండా కిందికి నెట్టేస్తారనో భయం. నిజంగా అలా జరుగుతుందా అంటే రాసినవాళ్లకు తేలిగ్గా తెలిసే దారి లేదు. ఏ మాటకు ఏం చేస్తారో ఆ కంపెనీలు పూర్తిగా బయటపెట్టవు. గీత ఎక్కడుందో కనబడదు కాబట్టి అందరూ నాలుగడుగులు ఇవతలే ఆగిపోతున్నారు. ఆ అలవాటు నీ వేళ్లలోకి దిగి, యంత్రం లేని చోటికి కూడా వచ్చేసింది.

ప్రభుత్వాలను, ఛానళ్లను, సినిమా కత్తెరను గట్టిగానే నిలదీశావు. ఆ పేజీలు బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోను. కానీ యువత భావప్రకటన స్వేచ్ఛ గురించి రాస్తూ ఈ చుక్క గురించి ఒక్క వాక్యమైనా రాయలేదు. వ్యాసం మొత్తంలో అంత బలమైన సాక్ష్యం ఇంకోటి లేదు. నీకే తెలియకుండా ఇచ్చేశావు దాన్ని.

నా సంగతి ఒకటి చెబుతాను. నా 23వ ఏట ఒక పత్రికకు కథ పంపాను. అందులో మొగుడు చెయ్యెత్తితే భార్య తల తిప్పుకోదు. అతని కళ్లలోకి చూస్తూ, ‘కొట్టు, రేపు అందరికీ చెబుతాను’ అంటుంది. అచ్చయిన కథలో ఆమె చూడటం ఉంది, అనడం లేదు. ఎందుకు తీసేశారని ఉత్తరం రాస్తే, ‘కుటుంబాలు చదివే పత్రికమ్మా’ అని ఒకే ఒక్క లైను జవాబు వచ్చింది. రెండు రోజులు ఏడ్చాను.

అయితే నన్ను ఈనాటికీ బాధపెట్టేది ఆ సంపాదకుడు కాదు. ఏడాది తిరక్కుండానే ఇంకో కథ రాస్తుంటే అలాంటి మాటే కలం కొసకు వచ్చింది. ఎవరూ అడ్డు పడలేదు. నేనే ఆపేశాను. పైగా ‘ఇక్కడ మౌనమే అందం’ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ రాతప్రతి ఇంకా నా దగ్గరుంది. అందులో కొట్టివేత కూడా కనబడదు, కొట్టేయాలన్నా ముందు రాసి ఉండాలి కదా. సంపుటి వేసుకున్నప్పుడు మొదటి కథను పూర్తి పాఠంతో అచ్చు వేయించుకున్నాను. రెండో కథలో ఆవిడ ఏమనబోయిందో ఇప్పుడు నాక్కూడా గుర్తు లేదు.

ఇక నీకు కాస్త కష్టంగా తోచే సంగతి. పోయిన నెల ఉత్తరంలో నీతో చదివే అమ్మాయి గురించి రాశావు. ఆమె ఫొటోను ఎవరో మార్చి పెడితే దాని కింద 300 కామెంట్లు పడ్డాయని, ఆమె ఖాతా మూసేసుకుందని. ‘అవన్నీ తీసేయాలి. మీ స్వేచ్ఛ నాకక్కర్లేదు’ అందని కూడా రాశావు. వ్యాసంలో ఆమె కోసం వెతికాను. లేదు. ‘నేటి యువత ఎలాంటి ఆంక్షలనూ సహించదు’ అని మాత్రం ఉంది. మరి ఆమె నేటి యువత కాదా? నీ వాదానికి అడ్డొస్తుందని తీసేశావు. నువ్వు ఎవరిని తిడుతున్నావో వాళ్లు చేసే పని అదే కదా నాయనా.

ఆమెను లోపలికి రానివ్వు. ఆమె అడుగుతున్నదేమిటో నిదానంగా విను. ఒకరి ఫొటోను మార్చి పెట్టడం అభిప్రాయం చెప్పడం కిందికి రాదు, అది ఒక మనిషికి చేసిన హాని. 300 మంది కలిసి ఒకరి మీద పడ్డారు, ఆ ఒకరు నోరు మూసుకుని వెళ్లిపోయారు. అక్కడ ఎవరి భావప్రకటన పోయిందో చూశావా?

అలాగని ‘బాధ కలిగించేదల్లా తీసేయండి’ అని నియమం పెడితే ఏమవుతుందో కూడా ఆమెతో మాట్లాడు. భారత ఐటీ చట్టంలో 66ఏ అనే సెక్షన్ ఉండేది. ఆన్‌లైన్లో పంపే రాతలు ఎప్పుడు నేరమవుతాయో చెప్పే సెక్షన్ అది. చిరాకు, అసౌకర్యం కలిగించడం లాంటి మాటలు అందులోనే ఉన్నాయి, శిక్ష మూడేళ్ల వరకు జైలు. 2012 నవంబరులో ఒక నాయకుడు చనిపోయినప్పుడు నగరమంతా మూతపడటాన్ని ప్రశ్నిస్తూ ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాస్తే, ఆమెతోపాటు ఆ పోస్టుకు లైక్ కొట్టిన స్నేహితురాలిని కూడా అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే 21 ఏళ్ల యువతి సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ల ధర్మాసనం ఆ సెక్షన్ను కొట్టేసింది. ఆ తీర్పు నువ్వు తప్పక చదవాలి. చర్చించడం, ఒక అభిప్రాయాన్ని సమర్థించి ప్రచారం చేయడం, జనాన్ని రెచ్చగొట్టడం అని మూడింటిని విడదీసింది. మొదటి రెండూ వినేవాళ్లకు ఎంత కంటగింపుగా ఉన్నా ఆపకూడదంది. మూడోదాని దగ్గరికి వచ్చినప్పుడే ఆంక్షల ప్రశ్న వస్తుందంది. ఒకరి అంతరంగిక ఫొటోల విషయంలో ఉన్న సెక్షన్ మాత్రం ఆ తీర్పుతో పోలేదు. నీ కోపానికీ ఆ అమ్మాయి కోపానికీ ఒకే పేజీలో చోటుంది.

నీకన్నా చిన్నవాళ్లు కూడా ఇందులో దెబ్బలు తిన్నారు. 1965 డిసెంబరులో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 13 ఏళ్ల మేరీ బెత్ టింకర్, ఇంకొందరు పిల్లలు వియత్నాం యుద్ధ మృతుల కోసం చేతికి నల్లపట్టీ కట్టుకుని బడికి వెళ్లారు. సస్పెండ్ చేశారు. 1969లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో పిల్లల పక్షం నిలిచింది. గొడవ జరుగుతుందేమోనన్న ఊహ ఒక్కటే చాలదంది. వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరు హ్యూగో బ్లాక్. భావప్రకటన స్వేచ్ఛకు ఆయన్ని మించిన కాపరి లేడని పేరున్న న్యాయమూర్తి. అలాంటివాడికి కూడా పిల్లల నోళ్ల దగ్గరికి వచ్చేసరికి మనసొప్పలేదు. ఇది నేనెప్పుడూ మరిచిపోను.

అమెరికాలోనే 1988 నాటి హేజిల్‌వుడ్ కేసు ఇంకా చిక్కుది. బడి పత్రికలో విద్యార్థులు టీనేజీ గర్భాల మీద, తల్లిదండ్రుల విడాకుల మీద రాసిన వ్యాసాలను ప్రిన్సిపల్ ఆపేశాడు. కోర్టు 5-3తో ఆయన వైపే మొగ్గింది. ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి ఏమిటంటే, విడాకుల వ్యాసంలో ఒక తండ్రి మీద ఆరోపణ ఉంది, ఆయన మాట ఎవరూ అడగలేదు. ఈ కారణం నాకు సబబుగానే తోస్తుంది. కానీ దానికి మందు, వెళ్లి ఆయన్ని అడిగి రెండు వాక్యాలు కలపడం. ప్రిన్సిపల్ ఏకంగా రెండు పేజీలు తీసేశాడు. ఆ పేజీల్లోనే ఉన్న వేరే రాతలు కూడా వాటితోపాటు పోయాయి. దిద్దడానికీ నోరు నొక్కడానికీ తేడా ఎక్కడుందో నాకు ఆ కేసే నేర్పింది.

ఆ తేడా నీ వ్యాసంలో చెదిరిపోయింది. నీ కవితను ఒక పత్రిక తిప్పి పంపితే దాన్ని కూడా సెన్సార్ అన్నావు. కాదు. వాళ్లు వేయకపోతే ఇంకో చోటికి పంపుకుంటావు. నీ కవితను ఎవరో ఏకిపారేసినా అది సెన్సార్ కాదు, అది వాళ్ల భావప్రకటన. అన్నిటికీ ఒకే మాట వాడితే, నిజంగా నోరు నొక్కేసిన రోజున చెప్పుకోవడానికి మాట మిగలదు.

మూడో పేజీ దగ్గరికే మళ్లీ వస్తాను. అక్కడ నువ్వు రాసింది మీ హాస్టల్ అబ్బాయి గురించి. ఆ మాట పూర్తిగా రాయి. ఎలా జరిగిందన్న వివరం మాత్రం వద్దు. అలాంటి వివరాలు అప్పటికే కుంగి ఉన్నవాళ్లకు ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత్రికేయులకు ఇచ్చిన సూచనల్లో ఉంది. శీర్షికలో ఆ మాట పెట్టవద్దని కూడా ఉంది. తెలిసి, ఎదుటివాళ్ల ప్రాణం తలుచుకుని వదిలేసే వాక్యం వేరు. నీ చుక్క వెనక అంత ఆలోచన లేదు, భయమే ఉంది.

రాసిన ప్రతిదీ అచ్చు వేయమని నేను చెప్పను. నీ మీదికి, మీ ఇంటిమీదికి వచ్చే ప్రమాదం ఉంటే దాచుకో. ముందు రాయి, తర్వాత దాచు. ఆ వరస తప్పినందుకే నా కథలో ఆవిడ మూగదైపోయింది.

వీలు చూసుకుని ఆ అమ్మాయిని కలువు. నువ్వు రాసింది చూపించు, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసుకో. పేరు వద్దంటే పెట్టకు, గుర్తుపట్టే వివరాలూ వద్దు. అసలు రాయనే వద్దంటే ఆమె ఇష్టం. అప్పుడు ‘నేటి యువత’ అన్న వాక్యం కొట్టేసి, ‘నేను’ అని మొదలుపెట్టు.

మూడో పేజీ మాత్రం వెంటనే తిరగరాసి పంపు. పోస్టులోనే.

ఆశీస్సులతో,
మీ అమ్మగారి ఈడు మనిషి